తాళంచెవి

అయనావరంలో మేడ మీద ఒంటిగది.
అద్దె కాగితం మీద సంతకం నాదొక్కటే.
కోమలం మామి అరచేతిలో పెట్టి
"సావి, పత్తిరం" అంది.
జాగ్రత్త అనే అంది పాపం,
నా తెలుగు చెవికి మాత్రం
సావు అన్నట్టు వినబడింది.

తాళం వేస్తాను. లాగి చూస్తాను.
ఎనిమిది మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, లాగి చూస్తాను.
బస్సెక్కాక కూడా చెయ్యి సంచిలోనే,
ఇత్తడి పళ్ళు తడుముతూ.

నలభై రెండు నిండాయి నాకు.
చీర రంగు సుగుణక్క చెప్పాలి.
చదువు కామర్సని మామయ్య చెప్పాడు.
పెళ్ళి వద్దన్నది నేనో,
అడిగి అడిగి వాళ్ళే అలిసిపోయారో
ఇప్పటికీ తేలలేదు.

అందుకే మొదటి నెలే మూడు నకళ్ళు తీయించాను.
ఒకటి వడపళనిలో అక్క దగ్గర,
ఒకటి ఆఫీసులో జరీనా సొరుగులో,
ఒకటి కింద మామి వంటింట్లో, పసుపు డబ్బాలో.
నేను లేనప్పుడు కూడా
నా గది ముగ్గురికి తెరుచుకుంటుందని
నాకదో ధైర్యం.

అయిప్పసి వాన.
ఓటేరి కాలవ రోడ్డెక్కింది.
మోకాళ్ళ లోతు నీళ్ళల్లో సంచి జారింది.
గొడుగు దక్కింది, ఫోను దక్కింది,
అది దక్కలేదు.
అక్క ఎత్తలేదు.
జరీనా తిరుచ్చిలో, చెల్లెలి నిఖాకి.
మామి తిరుత్తణి వెళ్ళింది.
ఆవిడ తలుపుకి తాళం,
తలుపు వెనక డబ్బా,
డబ్బాలో పసుపులో నా తాళంచెవి.
నవ్వొచ్చింది, తడి మెట్ల మీద కూర్చుని.

రైల్వే గేటు పక్కన చిల్లుల గొడుగు కింద ఉండే
దస్తగిరిని పిలుచుకొచ్చాను.
తాతల నాటి ఆదోని తెలుగు
అంచులు అరిగి, ఇంకా తిరుగుతోంది అతని నోట్లో.
నకలు లేదన్నాను.
"నకలెందుకమ్మా, తాళమున్నాది గదా.
అదే జెప్తాది."

పళ్ళు రాని ఇత్తడి ముక్కని
లోపల పెట్టి తిప్పాడు. తిరగలేదు.
తీసి, టార్చి వెలుగులో చూపించాడు,
గీరుకున్న చోట చీమతలంత మచ్చ.
ఆ మచ్చ మీద ఆకురాయి.
మళ్ళీ పెట్టాడు. తిరగలేదు.
ఇంకో మచ్చ. ఇంకాస్త రజను.
ఏడుసార్లు కాలేదు.
ఏడుసార్లూ విసుక్కోలేదు,
కానిచోటు ఎక్కడో చూసి అక్కడే అరగదీశాడు,
తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని.

ఎవరు పెట్టారో ఈ పేరు.
పక్క భాషలో ఏమైనా అననీ,
మనవాళ్ళు దీన్ని చెవి అన్నారు.
ఇన్నేళ్ళూ ఆ చెవిని నేను
ఊరందరి నోళ్ళకీ ఒగ్గుతూ వచ్చాను.

ఎనిమిదోసారి
మెటిక విరిచినంత చప్పుడు.

"నూటయాభై. ఇంకోటి తీయమంటారా?"
అక్క నంబరు మీదికి వేలు దానంతటదే పోయింది.
ఆలోచించి చెప్తానన్నాను.
ఎవరితో అని అతను అడగలేదు.

లోపల కిటికీ బార్లా తెరిచి ఉంది,
పొద్దున మూశానని మూడుసార్లు చూసుకున్న కిటికీ.
చాప సగం తడిసింది.
మడిచి, పొడిగా ఉన్న వైపు పడుకున్నాను.
తప్పు నాదే. చాపా నాదే.
చాలా రోజులకి నిద్ర పట్టింది.

తెల్లారి తాళం వేశాను.
కొత్త ఇత్తడి, ఇంకా గరుకు,
ఏ చేతికీ అరగలేదు.
వెనక్కి ఎక్కలేదని చెప్పను.
ఒకసారి ఎక్కాను.
రెండోసారి నాలుగో మెట్టు మీద ఆగి ఉండగా
బస్సు వినబడింది.