మూగ ఎద

నల్లబెల్లి దాటి మూడు కిలోమీటర్లు.
బండి వెనక తాడుతోని కట్టిన నత్రజని డబ్బా.
లోపల గడ్డకట్టిన చలి, బయట రోహిణి కార్తె.
"మేడం, బర్రె ఒర్రుతలేదు" అని
పొద్దుగాల్నే ఫోన్ చేసిండు ఉప్పలయ్య.
ఈని నాలుగు నెలలాయె.

మొదట్ల నా ముందట ఆ మాటే అనకపోయేది.
"దానికి... అదొచ్చింది" అని
గడ్డివాము దిక్కు చూసేటోడు.
ఇప్పుడు ఇద్దరికీ అలవాటైంది.

తొడుగేసుకుని, మోచేతి దాక లోపలికి పోయి
కండ్లు మూసుకుని వెతుకుతా.
ఎడమ అండం మీద రేగుపండంత బుడగ,
పలచగ, పగలడానికి తయారుగ.
"వచ్చింది కాకా. చెప్పలేదు, అంతే."

ఎట్ల చెప్పాలె ఆయనకు?
ఆ బుడగల ఊరిన రసం నెత్తుట్ల కలిసి
కొమ్ముల నడుమ, పుర్రె అడుగున
చింతగింజంత చోటు దాక పోతది.
పోయి తలుపు కొడుతది.
తెరుసుకుంటే చాలు,
ఒర్రుడు, మేత మరుసుడు,
పక్క బర్రె నడుము మీద గదువ ఆనిచ్చుడు.
ఒక్కోపారి తెరుసుకోదు.
సూడిని నిలబెట్టే ఇంకో రసం
ముందుగాల కొన్నాళ్లు ఆ గడప మీద కూసోవాలె,
కూసోని లేసిపోవాలె.
అప్పుడు గని మెదడుకు చెవులు రావు.
నెమ్మది వచ్చి పోయిన ఇంట్లనే
కోరికకు గొంతు లేస్తది.

పుస్తకంల దీన్ని మూగ ఎద అని రాసిన్రు.
పశువు వేడిని, మనిషి గుండెను
ఒక్క మాటతోనే పిలిచినోళ్లు ఎవరో గని
బర్రెలు కాసినోళ్లే అయ్యుంటరు.

కొట్టం గుంజకు ఒరిగి నిలబడ్డ నిమ్మక్క,
ఉప్పలయ్య పెండ్లాం,
చాట చెరుగుడు ఆపకుండనే అన్నది:
"మా ఇంట్ల మొగోళ్లకు
ఒర్రితేనే తెలుస్తది మేడం."
బర్రె సంగతే అన్నదేమో.
ఉప్పలయ్య కుడితి తొట్టి జరిపిండు, జరపనక్కర లేకున్నా.

డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ.
గోరువెచ్చటి నీళ్లల్ల ముప్పై లెక్కపెట్టిన.
కరీంనగర్ దున్న. నంబరు ఉంది, పేరు లేదు.
దాన్ని నేను చూడలే, బర్రె ఎన్నడూ చూడదు.
రెండు నిమిషాల పని.

అది మెడ తిప్పి నన్నొకసారి చూసి
మళ్ల నెమరేసింది.

చీటీ మీద తారీఖు రాసిచ్చిన.
"ఇరవై ఒక్క రోజులకు మళ్ల చూడు కాకా,
ఒర్రకున్నా చూడు."
నిమ్మక్క చాట ఆగింది.