నలభై రెండు రూపాయలు

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి
పర్లాకిమిడి బస్టాండు వెనక
ఇడ్లీ రేకులు కడిగి బోర్లించి
పాత ఖాతాలోంచి కొత్త ఖాతాలోకి
బాకీలు ఎక్కిస్తున్నాను.

మందుల కంపెనీ వాడిచ్చిన డైరీ ఇది.
మొదటి పేజీలో గుండె బొమ్మ, ఎర్రవీ నీలివీ నరాలు.
ఆ పక్కనున్న ఖాళీలో రాసుకుంటూ పోయేను:
కోర్టు గుమస్తా పాత్రోబాబు, నూట పది.
కొమ్ము కొంగలు చెక్కే మహారాణా, ముప్పై,
జీతం రాగానే అంటాడు, ఆయనకి జీతమెవరిస్తారో!
పాతపట్నం ఆటో సింహాద్రి,
ఎంతో అతనికే తెలుసు.

తరవాత పేరు దగ్గిర పెన్ను ఆగింది.
బృందావన్. లారీ క్లీనరు. నలభై రెండు.

వానల్లో తప్తపాణి ఘాటు దిగిన లారీ అది.
కొట్టేస్తే ఇంకోసారి పోయినట్టుంటుంది.
రాస్తే
ఇంకా అడుగుతున్నట్టుంటుంది.

పన్నెండు కొట్టేరు. కాలేజీ కుర్రాళ్లు
సైలెన్సర్లు పీకేసిన బళ్ల మీద వచ్చి
హ్యాపీ న్యూ ఇయర్ మావుసీ అని
కేకు ముక్కొకటి చేతిలో పెట్టి పోయేరు.
క్రీమంటిన వేలితోనే పేజీ తిప్పేను.
రాయలేదు, కొట్టలేదు,
ఒక గీతంత చోటు ఒగ్గేను.

మా ఊళ్లో అదో సుఖం.
ఒక కొత్త సంవత్సరం చెడితే ఇంకోటుంది.
జనవరిలో మాననిది కిళ్లీ
ఉగాదికి మానొచ్చు,
అప్పుడూ కాకపోతే ఏప్రిల్లో
మారేడు పానకం తాగి, పొణా సంక్రాంతికి.
ఏడాదికి మూడుసార్లు బాగుపడొచ్చు.
నేను మూడుసార్లూ మానేను,
నాలుగోసారి నమిలేను.

ఉగాదికి వేపపువ్వు చాల్లేదు.
పచ్చడి తియ్యగా తగలడింది.
పంతులు ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగన్నాడు.
నవ్వొచ్చింది. అది నా డైరీలో ముందే ఉంది.

ఇంకో కొన్నాళ్లకి, ఎండ ముదిరేక,
పక్కింటి సుబాసిని తులసి మీద
చిల్లు కుండ వేలాడదీసింది.
చిల్లులో గడ్డిపోచ, పోచ కొసని నీళ్లు.
చుక్క.
ఎంతసేపటికో
ఇంకో చుక్క.
నెల్లాళ్లూ ఇంతే, అంది ఒడియాలో.
ఎండిపోదేటి? అన్నాను తెలుగులో.
రోజూ పోస్తాం కదా, అంది.

సాయంత్రం బండి దగ్గిర బల్బు వేస్తే గుర్తొచ్చింది.
ఈ బల్బుకి వైరు లాగింది ఆడే,
లారీ పాత బేటరీ తెచ్చి, పళ్లతో వైరు చీలిచి.
ఎంతివ్వాలిరా అంటే
ఉండనీ మావుసీ, మళ్లీ వస్తాను కదా అన్నాడు.

డైరీ తీసేను.
గీతంత చోటు అలాగే ఉంది.
ఇచ్చేదాని కింద రాయాలో
రావలసినదాని కింద రాయాలో తోచక
పేరొక్కటే రాసేను,
మధ్యలో, కొంచెం వంకరగా.

అంతలో సింహాద్రి వచ్చి
నాలుగు ఇడ్లీ, ఖాతాలో రాయి అన్నాడు.
ఏ ఏడాది ఖాతాలోరా? అన్నాను.
ఇప్పుడు నడుస్తున్నది ఏదైతే అందులో, అన్నాడు,
చట్నీ ఇంకాస్త వెయ్యమని
ఆకు ముందుకు జరుపుతూ.