పురికొస

చిత్తూరు నుంచి మూట వచ్చింది, ఆర్టీసీ పార్సిల్లో,
టమాటా క్రేట్ల నడుమ ఇరుక్కుని.
పురికొస విప్పుతుంటే
కొత్త కాయితం వాసన కంటే ముందు
పచ్చి టమాటా వాసన.
చీటీలో నలభై అని ఉంది. లెక్కపెడితే ముప్పై ఏడు.
ఆ మూడూ దారిలో ఎవరు దించుకున్నారో,
చదవనీ.

పలమనేరు శాఖా గ్రంథాలయానికి
పెద్దోళ్ళు పేపరు కోసం వస్తారు,
పోటీ పరీక్షలోళ్ళు ఫ్యాను కింద కుర్చీ కోసం.
పిలకాయలు మాత్రం
నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి
"మేడమ్, బాగుండేది ఒకటి ఇయ్యండి" అంటారు.

బాగుండేది!
ఇరవై రెండేళ్ళుగా ఈ మాట దగ్గరే తడబడతాను.
మందుల షాపోడే నయం,
డాక్టరు చీటీ ఉంటుంది.

తబస్సుంకి పదమూడు.
"చివర్లో నీతి లేంది కావాల" అంది.
ముప్పై ఏడులో అట్లాంటివి మూడే.
సముద్రం అట్టడుగు చీకట్లో
తన దీపం తానే మోసుకు తిరిగే చేప గురించి ఒకటి,
పేజీలన్నీ నలుపు, నలుపు మీద ఒక్క నీలి చుక్క.
నడుస్తూనే తెరిచింది.
బస్టాండు దాకా పోయి వెనక్కొచ్చింది
చెప్పుల కోసం.

హేమాద్రి ఇంకా కూడబలుక్కునే చదువుతాడు.
"సన్నంది ఇయ్యండి మేడమ్,
కానీ సన్నంగా కనపడగూడదు. మాయక్క నవ్వతాది."
అట్ట మందం, మాటలు పల్చన,
పేజీకి నాలుగే ముక్కలున్నది దొరికింది.
చంకలో పెట్టుకుని
వకీలు మాదిరి మెట్లు దిగాడు.

ఇక యుగంధర్. అడివంచు పల్లె, ఆరో తరగతి.
ఏనుగుల పుస్తకం అడిగాడు.
గర్వంగా ఇచ్చాను, మూటలోకెల్లా ఖరీదైంది:
నీలం ఏనుగు, ఎర్ర గొడుగు,
పిల్లలతో కలిసి బడికి పోతుంది.
శనివారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"ఇదంతా అబద్ధం మేడమ్.
ఏనుగు గొడుగు పట్టదు. బోరు పైపు పెరుకుతాది.
మా నాయన మంచె మీద తెల్లార్లూ డబ్బా కొడతాడు.
ఆ చప్పుడుంటే నిద్దర పోతా.
ఆగిపోతే లేస్తా."

కొత్త మూటంతా వెతికాను.
పాత బీరువాలో, చెదలు వదిలేసిన అరలో వెతికాను.
అన్నిట్లోనూ ఏనుగులు నవ్వుతూనే ఉన్నాయి.

నా నెత్తి మీద బోర్డు:
పుస్తకములపై వ్రాయరాదు.
దాని కిందే కూర్చుని
వాడి చేతికి పెన్సిలిచ్చాను.
"యాడ అబద్ధముందో ఆడ రాయి."

వారానికి తెచ్చాడు, అంచులన్నీ నిండి:
"గొడుగు కాదు, చెరుకు గెడ."
"ఎడమ చెవి చిరిగి ఉంటాది. మేం చూసినాము."
"పిల్ల ఏనుగుంటే దగ్గిరికి పోవద్దు,
వాళ్ళమ్మ చూస్తా ఉంటాది."
చివరి పేజీలో, నవ్వే మొహం కింద,
అక్షరాలు చిన్నవి చేసి:
"మా నాయన దీన్ని తిడతాడు.
అది పోయినాక, పాపం అడివి ఎండిపోయె అంటాడు.
రెండూ నిజమే."

తనిఖీకి వచ్చే నెల జిల్లా నుంచి ఆఫీసరొస్తాడు.
రిజిస్టర్లో 'చెడినవి' అనే గడి దగ్గర
పెన్ను ఆపి, పక్క గడికి పోయాను.

ఈ శనివారం వరసలో తొమ్మిది మంది.
అందరి నోటా ఒకటే:
"యుగంధర్ రాసిండే ఏనుగు పుస్తకం."
తబస్సుం కూడా వచ్చింది,
పుస్తకం కోసం కాదు.
"ఆ చేప మీద నాకొక అనుమానం ఉంది మేడమ్, పెన్సిలుందా?"

మూట కట్టొచ్చిన పురికొసతోనే
పెన్సిల్ని బల్లకి కట్టాను,
పోస్టాఫీసు పెన్ను మాదిరి.
కొంచెం పొట్టయింది.
పేజీ కింది మూల దాకా అందలేదని
హేమాద్రి
అప్పుడే ఫిర్యాదు.