వేలు పడలేదు

పడలేదండి.
మళ్ళీ పెట్టాను. పడలేదు.
ఇశ్రాయేలు ఆ గాజుబిళ్ళని చొక్కా అంచుతో తుడిచి
"గట్టిగా నొక్కు వదినా" అన్నాడు.
నొక్కాను, గోరు తెల్లబడేదాకా.
ఎర్రలైటు.

పదకొండేళ్ళు రొయ్య తలకాయలు గిల్లిన వేలండి ఇది.
తెల్లారగట్ల నాలుగింటికి కాళ్ళకూరు సెంటర్లో బస్సెక్కి
రబ్బరు బూట్లేసుకుని
మంచునీళ్ళలో, మందునీళ్ళలో,
కిలోకి ఇంతని.
గీతలు ఎప్పుడు పోయాయో చూసుకోలేదు.
పొట్టుతో పాటే పోయుంటాయి.
లేదా డబ్బాల్లో సర్ది ఓడెక్కించేసుంటారు.

ఏదో దేశంలో సుంకం పెంచారంట.
మా షెడ్డులో సగం బల్లలు తిరగేసి పెట్టారు.
"కబురు చేస్తాం" అన్నాడు సూపర్‌వైజరు.
బూట్లు మాత్రం అప్పుడే తీసేసుకున్నాడు.

పని పోతే కొన్నాళ్ళు సగం జీతం ఇస్తారని
ఎదురుబల్ల ధనకుమారి చెప్పింది.
"నెలనెలా మన జీతంలో కోసిందేగా అక్కా,
అడిగితే తప్పేంటి?"
తప్పేం లేదు. అడిగాను.

శివరాత్రి ముందు పెట్టాను కాగితాలు.
పేరు తేడా అన్నారు.
ఆధార్లో కడలి సుగుణవేణి,
కంపెనీ లిస్టులో కె. సుగుణ.
ఆ వేణి ఏమైందని నన్నే అడిగారు.
తర్వాత, పని ఆగిన తేదీ ఎక్కలేదన్నారు.
కంపెనీకెళితే గేటుమనిషి
"మేం తీసెయ్యలేదు, మీరే రావట్లేదు" అన్నాడు.
ఇంకోసారి సర్వరు లేదన్నారు.
సర్వరంటే ఎవరో ఆఫీసరనుకుని
"ఎప్పుడొస్తారండి ఆయన?" అన్నాను.
వరసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆడవాళ్ళకి బస్సు ఊరికేనే.
జిరాక్సు ఊరికే కాదు.

ఇప్పుడు వేలు.

ఇశ్రాయేలు మంచోడు. నిమ్మచెక్క రుద్దమన్నాడు,
కొబ్బరినూనె రాయమన్నాడు,
"కొన్నాళ్ళు చేతులు నీళ్ళలో పెట్టకు వదినా,
గీతలు లేస్తాయి" అన్నాడు.
ముందు చెరువు, వెనక బోదె,
మంచం కింద కూడా చెమ్మే మాకు.
ఎక్కడ పెట్టుకోమంటారండి చేతులు?

మా నాన్నది శివారు పొలం, అదీ కౌలుది.
లాకులెత్తారని రేడియోలో చెప్పిన రోజే
వెళ్ళి గట్టు మీద కూర్చునేవాడు.
ఎగువన నారుమళ్ళు పచ్చబడి,
ఎగువన ఊడ్పులు కూడా అయ్యాక
మా బోదెలోకి జానెడు నీళ్ళొచ్చేవి,
నురగతో, చచ్చిన ఎండ్రకాయతో.
"వదిలారంట గదా" అనేవాడు, అంతే.
ఫోనులో "మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అని వచ్చినప్పుడల్లా
ఆయన తల మీది తడితుండు కనిపిస్తుంది నాకు.

చెప్పినట్టే చేశానండి, కుదిరినంత.
మా ఆయన అంట్లు తోమాడు, వీధితలుపేసుకుని.
నెలన్నరకి నిజంగానే లేచాయి.
ఎండలో పెట్టి చూసుకున్నాను.
కాలవ కట్టేశాక అడుగున ఒండ్రు మీద
నీళ్ళు గీసిపోయిన చారల్లా, సన్నగా.
పని లేక మొలిచిన గీతలు.

పొద్దున్నే వెళ్ళి పెట్టాను. పచ్చలైటు.
ఇశ్రాయేలు చప్పట్లు కొట్టాడు.
"అయిపోయినట్టేనా?"
"మనవైపు అయిపోయింది వదినా.
పైన ఇంకో నలభై రోజులంటున్నారు."

ఆ సాయంత్రమే సూపర్‌వైజరు ఫోను.
రేపట్నుంచి బస్సొస్తుందంట.
కిలోకి రూపాయి తగ్గించారంట.
వేలు పడకపోయినా పర్లేదంట,
గేటు దగ్గర కొత్తమిషను మొహం చూసుకుంటుందంట.

రాత్రి అన్నాలయ్యాక
మూకుడూ గిన్నెలూ నేనే తీసుకెళ్ళాను బోదె దగ్గరికి.
ఆయన వద్దన్నాడు, వినలేదు.
కొత్తనీళ్ళు అప్పుడే దిగుతున్నాయి, చడీ చప్పుడూ లేకుండా.
కాసేపు గిన్నెలు గట్టు మీద పెట్టి
బొటనవేలుని చూపుడువేలితో రుద్దుకుంటూ కూర్చున్నాను,
గరుగ్గా తగిలింది.

తర్వాత చేతులు ముంచాను.
నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.