ఎప్పట్నుంచి?

రాయపేట ఆసుపత్రి, పదకొండో నంబరు గది.
డాక్టరమ్మకి నా కూతురి వయసు కూడా ఉండదు.
"ఎప్పట్నుంచి ఇలా ఉంది, మంగతాయారమ్మా?" తమిళంలో అడిగింది.
పెన్ను కాగితం మీద ఆగింది,
తేదీ కోసం.

తేదీ ఎక్కడిదమ్మా.
ముందు మోకాలు నొప్పెట్టింది. అంతే.
మోకాలి కోసం ఎవరూ ఏడవరు కదా.
మేడ మీదికి బట్టలు మోయడం మానేసి
బాల్కనీలో తీగ కట్టించుకున్నాను.
మేడ మీదే కదా పంకజవల్లి
అప్పడాలు ఎండబెడుతూ
వీధిలో అందరి మీదా చాడీలు చెప్పేది.
ఆ చాడీలు ఆగిపోయాయి.
వీధంతా ఒక్కసారిగా
మంచివాళ్లతో నిండిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో
చెవికి హెడ్‌ఫోను.
కడపనీ కాకినాడనీ కలిపాను,
చావుకబుర్లకి దారిచ్చాను, పెళ్లిమాటలకీ.
మూడు నిమిషాలకోసారి మధ్యలో గొంతు దూర్చి
"ఇంకా కావాలా?" అన్నాను.
ఇప్పుడా ఎడమ చెవి
కుక్కరు ఈల కూడా వినదు.
"ఏంటి?" అని రెండుసార్లు అడుగుతాను,
మూడోసారి నవ్వి ఊరుకుంటాను.
నవ్వితే విన్నట్టే లెక్క.
ఇంట్లో మాటలు
మా స్టేషన్లో ఆగని బండిలా
నన్ను దాటుకుని పోతాయి.

రాత్రి మూడింటికి మెలకువ.
పాలబండి కూడా రాని వేళ.
నైటు డ్యూటీ అలవాటేలే అనుకున్నాను,
డ్యూటీ మానేసి తొమ్మిదేళ్లయినా.

పోయినేడు వానల్లో రత్నమణి పోయింది.
ఎక్స్ఛేంజీలో పక్క బోర్డు మనిషి.
నాతో తెలుగులో పోట్లాడే ఆఖరి మనిషి.
మనవరాలితో తమిళం, కూరగాయల బండతనితో తమిళం,
దేవుడితో అర్థం కాని సంస్కృతం.
తిట్టుకోడానికి ఒక మనిషి లేకపోతే
భాష నోట్లోనే పులిసిపోతుంది.
దోసెపిండి పులుపు కాదు,
పారబోసే పులుపు.

ఇవన్నీ చెప్పానా?
"కొన్నాళ్లుగా" అన్నాను.
రాసుకుంది.

తర్వాత ఏదో అడిగింది. నవ్వాను.
మళ్లీ అడిగింది. నవ్వాను.
పెన్ను మూసి, స్టూలు కీచుమనిపిస్తూ లాక్కుని
నా కుడివైపుకొచ్చి కూచుంది.
ఎక్కడ నేర్చుకుందో,
తప్పులతడక తెలుగులో
"రాత్రి నిద్ర వస్తాడా?" అంది.

"వస్తాడా ఏంటి, నిద్రేమైనా మొగుడా?
వస్తుందా అనాలి!"

గది బయట వరసలో ఉన్నవాళ్లు
తిరిగి చూశారు.
అంత గట్టిగా అన్నానా?