ఘాటు

ఎనుమాముల మార్కెట్ల మార్చి నెల.
ఎటు చూసినా ఎర్ర బస్తాలు.
హమాలీ తుమ్ముతడు, సేటు తుమ్ముతడు,
జెండా పాట పాడే ఆయన సుత
రేటుకు రేటుకు నడుమ ఒక తుమ్ము తుమ్ముతడు.
అందరి కండ్లల్ల నీళ్లే.
అందుకే ఈడ
ఎవరు ఏడుస్తున్నరో ఎవరికీ తెల్వదు.

నేను కాంటా కాడి రాతగాణ్ని.
పదకొండేండ్లాయె.
తూకం ఎంత, తాలు ఎంత, తరుగు ఎంత
రాసి, చింపి, చేతుల పెడత.
మొఖాలు చూసుడు నా పద్దుల లేదు.

ఆ దినం మూడో షెడ్డుల
చపాటా కాయ బస్తాలకు ఒరిగి ఒకాయన కూసున్నడు.
నర్సంపేట దిక్కు మనిషి, పేరు మొగిలి.
అదీ చిట్టీ మీద రాసిన గనుకనే ఎరుక.
రెండు రాత్రులు లైన్లనే పండిండు.
తువ్వాలతోని కండ్లు తుడుసుకుంటున్నడు,
తువ్వాలకే మిరప దుమ్ము,
మళ్ల మండుతున్నయి, మళ్ల తుడుసుకుంటున్నడు.
రేటు పడ్డది గదా, అనుకున్న.
అసొంటోళ్ల కోసం నా దగ్గర ఒక మాట తయారుగ ఉంటది:
"వచ్చే వారం లేస్తది తియ్."
గదీ అనలే.
ఎనుక ఇంకా నలభై మంది ఉన్నరు.

రాజవ్వ ఊడుస్తున్నది.
రాలిన కాయలు ఏరి చాటకెత్తుకొని బతికే ముసలామె.
ఆయన కాళ్ల కాడికొచ్చి చీపురు ఆపింది.
రేటు అడగలే, ఊరు అడగలే.
"ఏందిరా కొడుకా,
ఇవి కాయ నీళ్లు కావు" అన్నది.

ఎట్ల తెలిసిందో!
ఏండ్లకేండ్లు ఆ దుమ్ములనే నానిన కండ్లకు
ఏ నీళ్లు ఏడికెల్లి వస్తయో ఎరుకేమో.

బిడ్డకు జరమట. ఇంట్ల ఒక్కతే ఉన్నదట.
నిన్న మాపటి సంది ఫోను సచ్చిపోయిందట.
గంతే.
నా కుర్చీ ఎనుక గోడకు
పొద్దంత ఏలాడుతనే ఉన్నది చార్జరు.

రాజవ్వ నా దిక్కు చూసింది.
తిట్టలే. తిడితే బాగుండు.
"సారూ, ఆ తీగె జెర ఇయ్యరాదు."
నా పిన్ను ఆయన డబ్బా ఫోనుకు పట్టలే.
చాట ఆడనే ఇడిసి
చాయ్ బండి, కిరాణం, ఆటోలోళ్ల అడ్డ తిరిగి
సన్న పిన్ను పట్టుకొచ్చింది.
అంతల ఆమె ఏరిన కాయలు ఎవరో ఎత్తుకపోయిన్రు.
ఖాళీ చాటను ఒకపారి దులిపింది.

ఫోను లేచింది.
"ఆ... బిడ్డా... గోలి ఏసుకున్నవా?
గంజి తాగినవా?
నేనా? తిన్న, తిన్న."
తినలేదని మా ఇద్దరికీ తెలుసు.
మూడు చాయ్‌లు చెప్పిన, ఒక బన్ను.

మాపటికి ఇల్లు చేరిన.
వంటింట్ల సుగుణ కండ్లు ఎర్రగున్నయి.
"ఉల్లిగడ్డ కోసిన" అన్నది.
ఎప్పుడూ అనే మాటే.
ఎప్పుడూ నమ్మి, పోయి టీవీ పెట్టేటోణ్ని.
ఇయ్యాల గిన్నె మీది మూత తీసి చూసిన.
చింతచిగురు పప్పు.
ఉల్లిగడ్డ లేదు.

పీట గుంజుకొని
పక్కన కూసున్న.