మడత కుర్చీ

మిల్వాకీలో రాత్రి పదకొండు దాటాక
నెలలు నిండని పిల్లల వార్డు తుడిచేది నేనే.
నేల తుడిచేవాళ్ళకి కుర్చీల సంగతి బాగా తెలుస్తుంది
ఏది ఎవరి దగ్గరికి జరుగుతుందో,
ఏది ఎవరి దగ్గర్నుంచి.

ఏడో నంబరు గాజుపెట్టె పక్కన
వెనక్కి వాలే మెత్తటి కుర్చీ, దుప్పటి, నీళ్ళ సీసా.
ఆ తల్లిని ఇంగ్రిడ్ అంటారు అందరూ.
పాపని గుండెకి ఆనించుకోవడం
రెండో రోజే నేర్పారు.

పన్నెండు దగ్గర మడత కుర్చీ, ఒక కాలు పొట్టి.
ఆ తల్లి పేరు ఒడెస్సా ప్రూయిట్.
పాలసీసా మీది చీటీలో చదివాను.
వార్డులో మాత్రం ఆమె
"పన్నెండు వాళ్ళమ్మ".

హోటల్ దుప్పట్లు ఉతికే పని.
కాన్పయిన పదకొండో రోజే మళ్ళీ చేరింది.
"సెలవంతా ఇప్పుడే వాడేస్తే
బాబు ఇంటికొచ్చే రోజుకి ఏం మిగులుతుంది?"
నేనేం అడగలేదు, తనే చెప్పింది.
రెండు బస్సులు.
రెండోది తప్పిపోతే సరస్సు గాలిలో నలభై నిమిషాలు,
చంకలో సంచి, సంచిలో మంచు, మంచులో పాలు.

కాగితంలో రాశారు: తల్లి రాక అరుదు.

"ఎత్తుకోవచ్చా" అంది.
"నిలకడగా లేడు, రేపు చూద్దాం" అన్నారు.
ఆ తెర మీది అంకెలు నాకు అర్థం కావు.
కానీ ఏడు దగ్గరా పచ్చరంగే,
పన్నెండు దగ్గరా పచ్చరంగే.

ఇంగ్రిడ్ భర్త ఓ రాత్రి అరిచాడు,
డాక్టరు కాఫీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.
ఒడెస్సా గొంతు కాస్త పెంచింది,
సెక్యూరిటీ అతను వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు,
చేతులు కట్టుకుని, మర్యాదగానే.

నర్సు కొలీన్ చెడ్డ మనిషి కాదు.
నా కోసం కేకు ముక్క దాచి ఉంచుతుంది,
మా అబ్బాయి చదువు అడుగుతుంది.
అదే నాకు మింగుడుపడదు.

బుధవారం తెల్లవారుజామున మూడింటికి
మెత్తటి కుర్చీ ఖాళీగా ఉంటే
పన్నెండు దగ్గరికి తోశాను.
ఐదున్నరకి ఒడెస్సా వచ్చి
దాన్ని చూసి, నన్ను చూసి,
కోటు విప్పకుండానే కూర్చుంది.
గాజు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టింది.
బాబు పిడికిలి ఆమె వేలి గోరంత.

ఏడింటికల్లా కుర్చీ మళ్ళీ ఏడు దగ్గరుంది.
ఎవరు జరిపారో ఎవరూ చూడలేదట.
నేల మీద నల్లగా చక్రాల గీత,
పోతూ ఒకటి, వస్తూ ఒకటి.
తుడవలేదు.

గురువారం సూపర్‌వైజర్ అడిగాడు:
"మై యెర్, ఈ మరకేంటి?"